కడలికి కట్టవేసిన పెద్ద: ఆండ్రీస్ వీర్లింగు



ఈ సాయంకాలము నేను మీకు వినిపింపదలచినది ఒక కట్టల కాపరి చరిత్రము. అతడు రాజు కాడు, సేనాపతి కాడు, మతకర్తయు కాడు. నాలుగువందల యేబది సంవత్సరములకు పూర్వము ఐరోపాఖండమున, మనము వాడుకగా హాలండు అని పిలుచు నెదర్లాండు దేశమున, సముద్రపుటొడ్డున మట్టికట్టలు వేయించుచు, వేసిన కట్టలను కాచుచు జీవితమంతయు గడపినవాడు. అతని పేరు ఆండ్రీస్ వీర్లింగు. సముద్రపు కట్టలను గూర్చి లోకమున వ్రాయబడిన తొలి గ్రంథములలో ఒకటి అతనిది.

ఎక్కడి హాలండు, ఎక్కడి మనము అని మీరనుకొనవచ్చును. అందుచే ముందుగా నా స్వవిషయము నొకదానిని మనవి చేసెదను. నేను పుట్టినది కృష్ణానది చివరి భూములలో, ఏటి కరకట్ట క్రిందనున్న చిన్న గ్రామము. నాకు ఇరువది యేండ్ల వయసున ఒక శ్రావణమాసమందు ఏరు నిండుగా వచ్చెను. ఊరివారు వంతులు వేసికొని, లాంతరులు చేతబట్టి, రాత్రింబవళ్లు కట్టమీద తిరుగుచుండిరి. ఒకనాటి రాత్రి రెండవ జాము వంతు నాది. కట్టకు ఊరివైపు పాదమున అరచేయి వెడల్పున నేల తడిసియుండుట నేను చూచితిని. ఎండ్రకాయ బొరియ యనుకొంటిని. వాన కురియుచున్నది, పెద్దలు నిద్రించుచున్నారు, తెల్లవారిన పిమ్మట చెప్పవచ్చునని ముందుకు సాగితిని. తెల్లవారకమునుపే అక్కడ గండి పడెను. దైవవశమున మనుష్యులెవ్వరును పోలేదు గాని, ఒక వృద్ధురాలి రెండు పాడిగేదెలు కొట్టుకొనిపోయెను. మా పొరుగువారి మాగాణి మీద నడుములోతు ఇసుక మేట వేసెను. ఆ ఇసుక తీయుటకు మూడు వేసవులు పట్టెను. ఆ తడిని చూచిన సంగతి నేను చాలకాల మెవ్వరికిని చెప్పలేదు.

తరువాత చాల యేండ్లకు వీర్లింగు చరిత్రమును చదివినప్పుడు, ఆ రాత్రి నాకు లోపించినదేదో తెలిసినది. కట్టను నిలుపునది దాని ఎత్తు కాదు, చిన్న లోపమును చిన్నదిగా నున్నప్పుడే సరిదిద్దు మనుష్యుని శ్రద్ధ. ఇదియే అతని జీవితసారము.

మొదట ఆ దేశపు స్థితిని చెప్పవలెను. రైను, మ్యూజు, షెల్టు అను మూడు పెద్ద నదులు అచ్చట సముద్రమున కలియును. మన గోదావరీ కృష్ణల వలెనే అవియు ఒండ్రు తెచ్చి, పాయలుగా చీలి, లంకలు పెట్టినవి. ఆ లంకల దేశమునకు జీలండు అని పేరు. సముద్రభూమి యని దాని అర్థము. నెదర్లాండు భూమిలో నేడు సుమారు నాలుగవ వంతు సముద్రమట్టమునకు క్రిందనే యున్నది. మన తీరమున పోటుకును పాటుకును గల తేడా నాలుగైదు అడుగులకు మించదు. జీలండు పాయలలోనో, దినమునకు రెండుమారులు సముద్రము నిలువెత్తునకు మించి లేచి, మరల దిగిపోవును. పున్నమికిని అమావాస్యకును ఇంకను పెరుగును. అట్టి సమయమున వాయవ్యము నుండి తుపాను గాలి వీచినచో, సముద్రము కట్టలను దాటి ఊళ్లమీద పడును. మనకు ఉప్పెన యెట్టిదో వారికి అది యట్టిది.

ఆ భూమి అంతగా దిగిపోవుటకు మానవుల చేతయు కొంత కలదు. ఆ నేలలో కుళ్లిన ఆకులలములతో నేర్పడిన నల్లని మెత్తటి మన్ను పొరలు పొరలుగా నుండెడిది. ఆ నేలనుండి నీరు తీసి సేద్యము చేయగా అది యెండి క్రుంగినది. ఉప్పునీరు పీల్చిన ఆ మన్నును త్రవ్వి, ఎండబెట్టి, కాల్చి, బూడిదనుండి ఉప్పు తీయుట జీలండులో గొప్ప వ్యాపారముగ నుండెను. లాభమునకై కట్టల దాపునకూడ త్రవ్విరి. తాము నిలిచియున్న కొమ్మను తామే నరకికొనుట యన్న మాట. ప్రభువులు నిషేధాజ్ఞలు జారీచేసిరి గాని, ఆశ యున్నచోట ఆజ్ఞ యెంతవరకు సాగునో మీరెరుగనిది కాదు.

వీర్లింగు సుమారు 1507 ప్రాంతమున జన్మించెను. అతనికి ఇరువది మూడేండ్ల ప్రాయమున, 1530 నవంబరు 5వ తేది శనివారమునాడు, జీలండు మీదికి మహోపద్రవము వచ్చినది. ఒక్కనాటిలో ఎన్నియో కట్టలు తెగిపోయెను. దక్షిణ బెవెలండు అను లంక యొక్క తూర్పుభాగ మంతయు, ఊళ్లతోను పొలములతోను కూడ, నీటిపాలయ్యెను. లక్షమందికి మించి మృతినొందిరని ఒక అంచనా కలదు. ఆ దినమును అచ్చటి జనులు చెడ్డ శనివారమని పిలిచిరి. రైమర్స్వాల్ అను పట్టణము ఉప్పు వర్తకమున పేరుపొందినది. దాని చుట్టు పొలము పోయి, అది సముద్రమధ్యమున ఒంటరి దీవియై, నూరేండ్లు క్షీణించి, 1632లో కడపటి నివాసులును విడిచిపోగా పూర్తిగా నశించెను. నేటికిని ఆ భాగమును మునిగిన భూమి యనియే పిలుతురు.

అంత దేశమెట్లు పోయినది? ఒక్క రాత్రి తుపాను చేతనే పోయినదని చెప్పరాదు. అచ్చటి భూస్వామి యొకడు చిన్న గండిని పూడ్పింపక అశ్రద్ధ చేసెననియు, కొద్దిపాటి కూలితో తీరవలసిన పనికి తరువాత రాజ్యముల ధనమును చాలకపోయెననియు ఒక మాట ఆ ప్రాంతమున తరతరములుగా నిలిచినది. పోటు దినమునకు రెండుమారులు గండిలో దూరి, రెండుమారులు వెలుపలికి పోవుచు, ప్రతిమారును అడుగు కోయుచుండును. నేడు దాటగలిగిన కాలువ వచ్చు మాసమునకు పడవ పట్టును, మరు సంవత్సరమునకు ఓడ పట్టును. నీటి దగ్గర చేసిన ఆలస్యమునకు వడ్డీ అట్లు పెరుగును.

వీర్లింగు యౌవనమంతయు ఈ నాశనమును కన్నులార చూచుచు గడచినది. తరువాత అతడు బ్రబంటు పరగణా వాయవ్యమున, స్టేన్‌బెర్గెను అను ఊరి ప్రాంతమున, నస్సావు వంశపు ప్రభువుల కొలువులో చేరెను. వారి భూముల శిస్తు వసూలును లెక్కలును చూచుట ఒక పని. డైకుగ్రాఫు పదవి రెండవ పని. ఆ మాటకు కట్టల మునసబు అని అర్థము చెప్పుకొనవచ్చును. క్రొత్తగా మేటవేసిన పర్రభూములను కట్టలతో చుట్టి సాగునకు తెచ్చుటయు, ఉన్న కట్టలను తనిఖీ చేయుటయు, గండి పడినచో జనులను కూర్చి పూడ్పించుటయు అతని బాధ్యతలు.

ఆ దేశమున కట్టల పరిపాలన యెట్లుండెనో మీవంటి పెద్దలు తప్పక వినదగినది. పదుమూడవ శతాబ్దము నుండియు అచ్చట నీటిసంఘములు కలవు. కట్ట క్రింద భూమిగల ప్రతి రైతునకు, అతని భూమి ననుసరించి, కట్టలో ఇంత నిడివి యని పంచియిచ్చెడివారు. ఆ భాగమును బాగుచేసికొనుట అతని వంతు. సంవత్సరమున నియతమైన దినములలో కట్టల మునసబు, సంఘ సభ్యులతో కూడ, కట్ట పొడవునను నడచి చూచును. లోపమున్నచో గడువిచ్చును. గడువు దాటినచో సంఘమే పని చేయించి, అయిన ఖర్చుకు రెట్టింపు ఆ రైతువద్ద వసూలు చేయును. మన కుడిమరామతు వంటిదే యిది. అయితే మనలో అది సడలిపోయినది. వారిలో సడలినచో ప్రాణములే పోవును గనుక గట్టిగా నిలిచినది.

ఉత్తరసముద్ర తీరమున మరియొక ఆచారముండెను. తన భాగపు కట్టను బాగుచేసికొనజాలని రైతు తన పారను కట్టలో గ్రుచ్చి వెడలిపోవలెను. ఆ పారను పెరికినవానికి అతని భూమియు చెందును, కట్టను కాచు భారమును చెందును. కట్ట వేయనివాడు ఊరు విడువవలెనను అర్థము వచ్చు సామెత ఆ దేశమున నేటికిని కలదు. కఠినమైన ధర్మమే. కాని పదిమంది శ్రద్ధగా నుండి ఒక్కడు సోమరియైనచో, సముద్రము ఆ ఒక్కని భాగముననే ప్రవేశించి పదుగురిని ముంచును. పొరుగువాని సోమరితనము తన కొంప ముంచునని తెలిసినచోట మొగమోటమునకు తావు లేదు.

ఇక వీర్లింగు విద్య యెట్టిదో చెప్పెదను. నీటిని బలాత్కారముగ లొంగదీయజాలము అనునది అతని మొదటి సూత్రము. నీవు దానిపై చూపిన బలమును అది నీమీదికే త్రిప్పును. నెమ్మదిగ, ఉపాయముగ నడపినచో అల్పవ్యయముతో నీవు కోరినచోటికి పోవును. ఇది వేదాంతమువలె వినిపించును గాని, అతనికిది ప్రతిదినము చేసిన పని.

దృష్టాంతమునకు, ఒక ఉప్పుటేరును మూయవలసి వచ్చినదనుకొనుడు. తెలియనివాడు రెండు ఒడ్డులనుండి మట్టి పోయించుచు నడుమకు వచ్చును. గండి యిరుకైన కొలదియు, అంతకుముందు వంద బారల వెడల్పున పోవుచున్న పోటునీరంతయు పది బారలలో పోవలసి వచ్చును. వేగము పెరుగును, అడుగు కోసికొనిపోవును. పోసిన మట్టి పోవును, ధనము పోవును, ఒక్కొక్కప్పుడు కూలివాండ్రును పోవుదురు. తెలిసినవాడు తొలుత అడుగును రక్షించుకొనును. విల్లో యను నీటిచెట్టు చువ్వలతో పెద్ద చాపలవలె అల్లించి, ఏటి అడుగున పరపించి, బరువు పెట్టి ముంచును. వానిమీద అడుగునుండి పైకి, ఏటి వెడల్పంతటను సమముగ కట్టను లేపుకొని వచ్చును. పోటు తక్కువగ నుండు అష్టమి దినములలో, నీరు నిలకడగ నుండు కొద్ది ఘడియలను కనిపెట్టి, కడపటి వాకిలిని మూయును. బలము కన్న సమయమెరుగుట ముఖ్యము.

అంతకన్న మంచి ఉపాయము, ఏరు పెద్దది కాకమునుపే దానిని మరల్చుట. చిన్న చిన్న కాలువలకు అడ్డముగ గడ్డి, రెల్లు, చువ్వలు, బంకమన్నుతో తక్కువ ఎత్తు కట్టలు వేయించినచో, నీరు వానిమీదుగ పొర్లిపోవుచు వేగము తగ్గి, తాను మోసికొనివచ్చు ఒండ్రును అక్కడనే దింపును. పోటు పోటుకు పలుచని పొర యొకటి చేరుచు, కొంతకాలమునకు కాలువ తానై పూడును. అనగా పూడ్చు పనిని సముద్రము చేతనే చేయించుట. మొక్కై వంగనిది మానై వంగునా యని మనవారు పిల్లలను గూర్చి చెప్పు మాట నీటికిని చక్కగ చెల్లును.

పర్రభూమిని కట్టతో చుట్టుటకును ఇట్టి ఓర్పే కావలెను. భూమి తగినంత మెరకయై, ఉప్పునేల మొక్కలు మొలచి, తరువాత గడ్డి దట్టముగ పట్టినప్పుడే కట్టవేయవలెను. ఆతురపడి ముందుగ వేసినచో, ఒండ్రు చేరుట ఆగిపోయి, ఆ పొలము ఎన్నటికిని పల్లముగనే యుండును. కట్టకు సముద్రము వైపున వాలు బాగుగ చాచియుండవలెను. నిట్టనిలువు గోడను అల ముష్టితో గ్రుద్దినట్లు గ్రుద్దును. వాలుకట్ట మీదనో, పైకి ప్రాకి అలసి తిరిగిపోవును. కట్టకు కావలసిన మన్నును కట్ట పాదమున త్రవ్వరాదు. త్రవ్వినచో కట్టకు గోయి త్రవ్వినట్లే. గడ్డి పట్టని క్రొత్త కట్టల మీద జీలండువారు గోధుమగడ్డిని పరచి, దానిని తాళ్లుగ మెలివేయుచు కవ్వపుముల్లు వంటి సాధనముతో మట్టిలోనికి దిగగొట్టెడివారు. మన తాటాకింటి కప్పువలె అది కట్టను శీతకాలమంతయు కాపాడును.

గండి పడినచోట నీటి ఉరవడికి లోతైన మడుగు త్రవ్వబడును. ఆ మడుగులో కట్టవేయబూనుట మట్టిని పాతాళములో పోయుటయే. అందుచే మడుగును చుట్టి, గట్టినేల మీద వంపుగ కట్టను త్రిప్పెదరు. ఆ దేశపు పాత కట్టలు పామువలె వంకరలు తిరిగియుండుటకు ఇది యొక కారణము. ఒక్కొక్క వంకర పూర్వమొకనాడు పడిన గండికి గుర్తు.

వీర్లింగునకు నీటిపై కోపము లేదు. అది దాని స్వభావము ననుసరించి నడచును. అతని కోపమంతయు మనుష్యులపై. పని నేర్వని వారిని సిఫారసు మూలమున కట్టల అధికారులుగ నియమించుట అతనికి కంటగింపు. బొచ్చు అంచుల అంగీలును ముఖమలు పాదుకలును తొడుగుకొన్నవారు ఈ పనికి కొరగారని అతని అభిప్రాయము. చమురు రాచిన తోలుబూట్లతో బురదలో దిగువారు, చిన్ననాటి నుండి ఆ పనిలో పెరిగినవారు, వానకు వడగండ్లకు చలిగాలికి ఓర్చువారు కావలెనని అతడు వ్రాసెను. తనిఖీ పేరిట వచ్చి, సత్రములో విందులారగించి, సంఘపు ఖర్చున త్రాగి, కట్ట మొగము చూడక సంతకముచేసి పోవు వారిని అతడు నిర్మొగమాటముగ దూషించెను. అట్టివారు హాలండులోనే పుట్టిరని మనము సంతోషింప పనిలేదు.

అతని వార్ధక్యము సుఖముగ గడచినది కాదు. 1568లో ఆ దేశస్థులకును స్పెయిను రాజునకును యుద్ధము ప్రారంభమయ్యెను. అది ఎనుబదియేండ్ల యుద్ధమని పేరుపొందినది. 1570 నవంబరు 1వ తేదిని, సర్వపునీతుల పండుగనాడు, మరియొక మహాప్రళయము వచ్చి తీరమంతయు ముంచినది. అది చాలదన్నట్లు, యుద్ధమునకై మనుష్యులే కట్టలు తెగగొట్టిరి. 1574లో లైడెను పట్టణమును ముట్టడినుండి విడిపించుటకు, కట్టలకు గండ్లు కొట్టి, పొలముల మీదుగ పడవలు నడపి, అక్టోబరు 3వ తేదిని పట్టణము చేరిరి. దేశస్వాతంత్ర్యమునకై చేసిన త్యాగమది. కాని జీవితమంతయు కట్టవేసిన వృద్ధునకు, కట్టలను తెగగొట్టు కాలమున జీవించుట యెట్లుండునో మీరే యోచింపుడు.

ఆ కాలముననే, డెబ్బదేండ్ల ప్రాయమున, అతడు కలము పట్టెను. 1576 మొదలు 1579 వరకు కట్టల నిర్మాణమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. పండితుల లాటిను భాషలో గాక, కూలివాండ్రు మాటలాడుకొను డచ్చి భాషలోనే వ్రాసెను. పటములు గీచెను. ఎక్కడెక్కడ ఏ పని యెట్లు చెడెనో, ఎట్లు బాగుపడెనో పేరు పేరున చెప్పెను. సముద్రము అందరికిని ఉమ్మడి శత్రువు గనుక అందరి సొమ్ముతోను అందరి బలముతోను ఎదిరింపవలెననియు, కొంచెము వెనుదీసినను అంతయు కాజేయుననియు అతని బోధ. తాను నేర్చినది తనతో పోరాదను తపన ఆ గ్రంథమునకు మూలము. 1579 ప్రాంతమున, పని ముగియకయే, అతడు పరమపదించినట్లు తెలియుచున్నది.

ఆ వ్రాతప్రతి అచ్చుకాలేదు. కొంతభాగము నశించినది, మిగిలినది దస్త్రములలో నిదురించినది. చివరకు 1920లో, అనగా మూడువందల నలుబది యేండ్ల తరువాత, అది ముద్రింపబడినది. అప్పటి ఇంజనీర్లు చదివి, తాము యంత్రములతోను గణితముతోను కనుగొన్న ధర్మములు కొన్ని ఈ ముసలివాడు బురదలో నిలిచి కనుగొనెనని ఆశ్చర్యపడిరి. యోహాన్ వాన్ వేను అను సుప్రసిద్ధ ఇంజనీరు అతనిని తన విద్యకు గురుతుల్యునిగ భావించెను. కట్టలు తక్కువ ఎత్తున నున్నవని, పెద్ద తుపానుకు చాలవని ఈ వాన్ వేను ముందుగనే హెచ్చరించియుండెను. వ్యయమునకు వెరచి, యుద్ధము నడుమ వచ్చి, పని వాయిదాపడెను. 1953 ఫిబ్రవరి 1వ తేది తెల్లవారుజామున సముద్రము కట్టలు దాటి 1,836 మందిని పొట్టనబెట్టుకొనెను. నీరు పైనుండి పొర్లి, కట్టల లోపలివైపు నిటారు వాలులను జార్చివేయుట చేతనే అనేక గండ్లు పడెను. అటుపిమ్మట ఆ దేశస్థులు నదీముఖములను మూయు మహాకార్యమును ప్రారంభించిరి. అందులో తూర్పు షెల్టు పాయ మీది తలుపులకట్ట 1986లో ప్రారంభమయ్యెను. ఆ పాయను పూర్తిగ మూయక, తుపానునాడు మాత్రము తలుపులు దింపి, తక్కిన దినములలో పోటుపాటులను సాగనిత్తురు. 2011లో మరియొక చోట రెండుకోట్ల ఘనమీటర్లకు మించిన ఇసుకను తీరమున ఒకచోట పోసి, దానిని అలలే తీరము పొడవున పంచునట్లు చేసిరి. నీటిచేతనే పని చేయించుమను వీర్లింగు మాట ఇంకను బ్రతికియున్నదని దీనివలన తెలియును.

ఆ దేశమునకును మనకును పరిచయము క్రొత్తది కాదు. వీర్లింగు పోయిన ఇరువదియారేండ్లకు, 1605లో, డచ్చివారు మన మచిలీపట్టణమునకు వచ్చి కోఠీ పెట్టిరి. మన పూర్వులు వారిని వలందావారనిరి. బందరులోని వలందపాలెము వారి జ్ఞాపకమే. వారి సమాధులు నేటికిని అచ్చట కలవు. అదే బందరు మీదికి 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన వచ్చి సుమారు ముప్పదివేల మందిని బలిగొనెను. 1977 నవంబరు 19వ తేదిని దివిసీమ ఉప్పెనలో, పదిహేను అడుగులకు మించిన అల వచ్చి, సుమారు పదివేల మంది మరణించిరి. ఈ సంగతి మీకు నేను చెప్పవలసినది కాదు.

అట్లని హాలండువలె మనమును తీరమంతయు ఎత్తుకట్టలు వేయవలెనని నేననను. వారి సముద్రము దినమునకు రెండుమారులు కట్టను పరీక్షించును. కావున వారు మరచుటకు వీలులేదు. మన ఉప్పెన ఒక తరమునకు ఒకమారు వచ్చును. ఆ నడుమ మనము మరచెదము. కట్టమీద ఇండ్లు లేచును, కట్ట మన్ను బండ్లకెక్కును, మడ అడవి వంటచెరకగును. మడచెట్లు తమ వేళ్ల నడుమ ఒండ్రును పట్టి మేట పెంచును, అల వేగమును విరుచును. వీర్లింగు చువ్వలతోను రెల్లుతోను శ్రమపడి చేయించిన పనిని మన తీరమున ఆ చెట్లు కూలి అడుగక చేయుచున్నవి. వానిని కాచుట కట్టను కాచుటతో సమానము.

కడపట ఒక్కమాట. కట్ట పాదమున నీరు ఊరినప్పుడు దానిని చూచు విధము కలదు. తేటనీరు ఊరినచో కొంత ధైర్యముగ నుండవచ్చును గాని, కన్ను మరల్చరాదు. మట్టినీరు వచ్చినచో కట్ట లోపల కోసికొనిపోవుచున్నదని గుర్తు. దానిపై మట్టి వేసి త్రొక్కి బిగింపజూచినచో, నీరు మరియొకచోట చీల్చుకొని వచ్చును. ఇసుకబస్తాలతో ఊటచుట్టును బావిగట్టువలె కట్టినచో, నీరు ఆ గట్టులో కొంత ఎత్తునకు లేచి, ఎదురొత్తిడిచే వేగము తగ్గి, మట్టిని తెచ్చుట మానును. హాలండులోను, మన కరకట్టల మీదను ఇదే చికిత్స. నీటితో కలియబడక దానిని నిదానింపజేయుట. నాకు ఇరువదియేండ్ల నాటి ఆ రాత్రి ఇరువది బస్తాలు, నలుగురు మనుష్యులు, ఒక పిలుపు చాలియుండెడివి. పిలువవలసినవాడను నేను. పిలువనైతిని.

పెద్దలారా, మీ గ్రామమున కరకట్టయో, చెరువుకట్టయో, ఉప్పునీరు రాకుండ అడ్డుకట్టయో ఒకటి యుండియే యుండును. వచ్చు కార్తెలోపున ఒక ఉదయము, ఊరి పడుచువారిని వెంటబెట్టుకొని, ఆ కట్టను ఈ చివరనుండి ఆ చివరవరకు కాలినడకన చూడుడు. బొరియలను, పగుళ్లను, తుమ్మమొక్కలను, తూముతలుపులను చూపింపుడు. అర్ధరాత్రి తడి కనబడినచో ఎవరి తలుపు తట్టవలెనో వారికి ముందుగనే చెప్పియుంచుడు. ఏ జామున తట్టినను కోపపడనని కూడ చెప్పుడు. వీర్లింగు గ్రంథము అచ్చున వెలువడుటకు మూడువందల నలుబది యేండ్లు పట్టినది. మీ అనుభవము మీ ఊరి పిల్లలకు చేరుటకు ఒక ఉదయపు నడక చాలును.